అమ్మ సంతకం పెట్టని ఫిబ్రవరి

నా భాగం నలభై నిమిషాల్లో అయిపోయింది.
పేరు: ఆడెల్ మిషో. పుట్టిన తేదీ. స్కూలు.
దాచుకున్న డబ్బెంత అని అడిగితే
దుంపల కోతలకి స్కూలు మూసిన మూడు వారాలూ
పొలాల్లో వంగి ఏరిన కూలి
ఆరువందల పద్దెనిమిది డాలర్లు అని కొట్టాను.
పీపాకి ఇంత అని లెక్క.
గోళ్ల కింద మట్టికి ఫారంలో గడి లేదు.

ఇక అమ్మ భాగం.
తన ఖాతా తనే తెరవాలి, తన సంతకం తనే పెట్టాలి.

మొదటి వారం పాస్‌వర్డ్ మరిచిపోయానంది.
రెండో వారం నర్సింగ్ హోంలో డబుల్ డ్యూటీ అంది.
మూడో వారం
పొయ్యి మీద ఏమీ లేకపోయినా
పాలు పొంగుతున్నట్టు లేచి వెళ్లిపోయింది.

కౌన్సెలర్ తిబొడో నన్ను వరండాలో ఆపి
"మీ ఫారం ఇంకా ఒంటికాలి మీదే నిలబడి ఉందమ్మా" అన్నాడు.
నవ్వాను. లోపల కుతకుతలాడిపోయాను.
నేను చదువుకోవడం ఇష్టం లేదేమో అనుకున్నాను.
అంతకంటే ఘోరమైనవీ అనుకున్నాను, అవి రాయను.

ఆ రాత్రి మైనస్ ఇరవై ఆరు.
సెయింట్ జాన్ నది బిగుసుకుపోయి
అవతల కెనడా వాళ్ల దీపాలు
నడిచి వెళ్లి ఆర్పి రావచ్చన్నంత దగ్గరగా ఉన్నాయి.
కారు స్టార్ట్ కాలేదు. అందులోనే కూర్చున్నాం.
అప్పుడు చెప్పింది, నా వైపు చూడకుండా,
అద్దం మీది మంచుని లోపలినించి గోటితో గీకుతూ.

నేను పుట్టకముందు, బాంగర్‌లో
జుట్టు కత్తిరించడం నేర్పే స్కూలు ఒకటి.
అమ్మ పేరు మీద ఫెడరల్ అప్పు తీయించి
పదకొండో నెలలో తలుపులకి తాళం వేసుకుని పోయింది.
స్కూలు పోయింది. అప్పు పోలేదు.
వడ్డీ పిల్లల్ని పెట్టింది.
ఏటా మాకు రావలసిన పన్ను వాపసుని
దారిలోనే ఎవరో తినేస్తారని నాకు తెలుసు.
ఎవరో మాత్రం తెలీదు.

"నా పేరు పడితే నిన్ను కూడా పట్టుకుంటారు" అంది.
గొంతులో ఇరుక్కున్న చేపముల్లు
ఇన్నేళ్లకి బయటికి తీసినట్టు.

మర్నాడు తిబొడో తలుపు మూసి చెప్పాడు:
తల్లి అప్పు తల్లిదే, పిల్ల ఫారానికి అంటుకోదు.
అమ్మ ఆ మాటని మూడుసార్లు చెప్పించుకుంది.
మూతపడ్డ స్కూళ్ల అప్పు మాఫీకి
వేరే ఫారం కూడా ఉంటుందన్నాడు.
ఫారం అన్నాక అమ్మకి ఇంకేం వినపడలేదు.
మౌస్ పట్టుకుంది.
బొటనవేలు, ఉంగరం వేలు.
కత్తెర అలా పట్టుకుంటారట.

ఏప్రిల్‌లో జవాబు వచ్చింది.
చదువుకి మా కుటుంబం పెట్టుకోగలిగింది
మైనస్ పదిహేను వందలు.
సున్నా కింద కూడా ఒక మెట్టు ఉందట,
వాషింగ్టన్‌లో ఎవరో లెక్క కట్టి
మమ్మల్ని దాని మీద నిలబెట్టారు.
అమ్మ పగలబడి నవ్వింది,
"ఇది చెప్పడానికి వీళ్లకి కంప్యూటర్ కావాలా!"

ఆగస్టులో డబ్బు వచ్చింది, చేతికి కాదు.
కాలేజీ బిల్లులో ఒక వరుసగా దిగింది.
పెల్ గ్రాంట్. దాని కింద అంకె బాగా చిక్కిపోయింది.
"తిరిగి కట్టక్కర్లేదని ఎక్కడుంది, చదువు" అంది.
చదివాను.
"చిన్న అక్షరాలు?"
చిన్న అక్షరాలూ చదివాను.

దాని కింద ఇంకో వరుస ఉంది.
అప్పు, మూడువేల ఐదువందలు.
అంగీకారం, తిరస్కారం, రెండు గుండ్రటి గడులు.
హాస్టల్ గదికి ఇంకా పద్నాలుగు వందలు తక్కువ.
అది నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు.
తెర మీద ఆ రెండు గడుల్నీ కప్పుతూ అమ్మ వేలుంది.
తియ్యమని నేననలేదు.
పాలు పొంగుతున్నట్టు
తనూ లేవలేదు.